తాతగారి .315 రైఫిల్ అటక దిగాక: ముందు ఏం చూడాలి, ఏం ముట్టుకోకూడదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. తాతగారి ఇషాపూర్ .315 రైఫిల్ లైసెన్సుతో సహా ఇప్పుడు మీ పేరుకు మారింది. ఇరవై ఏళ్లకు పైగా తోలు సంచిలో అటక మీద ఉంది. బ్యారెల్ మీద గోధుమరంగు మచ్చలున్నాయి, తూటాను లోపలికి తోసి మూసే బోల్టు బిగుసుకుని కదులుతోంది, సంచి జేబులో కొన్ని పాత తూటాలు దొరికాయి. ఏ నూనె వాడాలి, ఎలా శుభ్రం చెయ్యాలి, మళ్లీ పేల్చడానికి పనికొస్తుందా అని అడిగారు.

నూనె సంగతి తర్వాత. హైదరాబాదు ఇళ్లలో ఇలాంటి రైఫిళ్లు పేల్చి పేల్చి అరిగిపోయినవి తక్కువ. అటక మీద జంగు పట్టినవి, ఆపైన ఎవరో ప్రేమకొద్దీ గీకి, రుద్ది, మెరిపించి పాడుచేసినవే ఎక్కువ. అందుకే ఈ సమాధానంలో సగం "చెయ్యొద్దు" అనే మాటలే ఉంటాయి, ఓపిగ్గా చదవండి.

ముందు కాగితాలు. మీకు బదిలీ అయిపోయింది కాబట్టి సరే. ఇంకా కాని ఇళ్ల కోసం రెండు ముక్కలు. లైసెన్సుదారు కాలం చేశాక ఆ ఆయుధాన్ని వారసులు ఇంట్లో ఉంచుకోకూడదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చెయ్యకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లోగానీ, లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు దగ్గరగానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. తూటాలు కూడా లెక్కబెట్టి అదే రసీదులో రాయించాలి. ఆ తర్వాతే వారసత్వ లైసెన్సుకు దరఖాస్తు. హైదరాబాదు, దాని చుట్టుపక్కల కమిషనరేట్ల పరిధుల్లో పోలీస్ కమిషనర్ ఆఫీసుకు పెట్టుకోవాలి. మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, మిగతా వారసుల నిరభ్యంతర పత్రాలు, పాత లైసెన్సు, ఆయుధ శిక్షణ సర్టిఫికెట్ సిద్ధంగా ఉంచుకోండి. పెద్దాయన బతికుండగా కూడా మార్పించుకోవచ్చు. ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, తను చెప్పిన వారసుడికి ఇవ్వమని కోరే వీలు 2016 నిబంధనల్లో ఉంది. నిజానికి ఇదే తేలికైన దారి, ఇల్లు దుఃఖంలో ఉన్నప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండే తుపాకులు, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. లైసెన్సు గడువు ఐదేళ్లు. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా. "తాత వస్తువు, జ్ఞాపకం కోసం ఉంచుకున్నాం" అన్న మాట అక్కడ చెల్లదు.

మీరు మటుకు ఒక పని చెయ్యండి. లైసెన్సు మీద రాసిన బోరు, తయారీ, నంబరు తీసుకుని రైఫిల్ మీద కొట్టిన అక్షరాలతో ఒక్కో అంకె సరిచూడండి. చేతిరాత పుస్తకాల నుంచి కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు 3 కాస్తా 8 అయిపోతుంది. ఆ తేడా ఇప్పుడే అర్జీ పెట్టి దిద్దించుకుంటే చిన్న పని, ఎక్కడో తనిఖీలో బయటపడితే పెద్ద తలనొప్పి. బ్యారెల్ మీద .315 కాకుండా .303 అని కనిపిస్తే ఇంకేమీ ముట్టుకోకుండా లైసెన్సు తెచ్చి చూడండి. .303 సైన్యపు తూటా, అది నిషేధిత బోరు కింద వస్తుంది, దాని అనుమతి వేరే.

ఇక చేతిలోకి తీసుకోవడం. ఇరవై ఏళ్లు పడి ఉంది కదా, ఖాళీగానే ఉంటుందిలే అనుకోవద్దు. షికారు రోజుల్లో మ్యాగజైన్, అంటే కింది తూటాల పెట్టె, నింపి గోడకు తగిలించే అలవాటు చాలామందికి ఉండేది. బ్యారెల్ మూతిని ఇసుక నింపిన బకెట్ వైపు పెట్టండి, లేదా బయటి మట్టి నేల వైపు. ఫ్లాట్‌లో గదికీ గదికీ మధ్య ఉండే సన్న ఇటుక గోడను రక్షణ అనుకోకండి. ట్రిగ్గర్ మీద వేలు లేకుండా మ్యాగజైన్ ఊడదీయండి. బోల్టు పూర్తిగా వెనక్కి లాగండి. తూటా కూర్చునే చాంబర్లోకి టార్చి వేసి చూడండి, ఆపైన చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. కంటికి మోసం ఉంది, వేలికి లేదు. బోల్టు తెరుచుకోకపోతే సుత్తితో కొట్టొద్దు, పిడికి పైపు తగిలించి తిప్పొద్దు. లోపల తూటా ఉన్నట్టే అనుకుని, మూతి దిక్కు మార్చకుండా పక్కన పెట్టి, డీలరుకు ఫోన్ చెయ్యండి.

దొరికిన పాత తూటాలు. అవి లైసెన్సు పుస్తకంలో ఎక్కిన లెక్కలోవే అయి ఉండాలి, ముందు అది చూసుకోండి. అడుగున "కె.ఎఫ్." అని ఉంటే కిర్కీ కర్మాగారానివి. పేల్చే ఆశ పెట్టుకోవద్దు. ఇత్తడి మీద పచ్చటి చిలుము, మెడ దగ్గర వెంట్రుకంత చీలిక, గుండు వేలితో కదలడం, అడుగున మందును అంటించే బిళ్ల, అంటే ప్రైమర్, చుట్టూ మరక, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది పనికిరాని తూటా. మెరిసేలా తోమి చూద్దామనే ఆలోచనే వద్దు. డీలరు దగ్గరగానీ స్టేషన్లోగానీ అప్పగించి, పుస్తకంలో తగ్గింపు రాయించుకోండి. చెత్తబుట్టలో వెయ్యడం, మూసీలో పారేయడం రెండూ తప్పే.

ఆ మెడ చీలిక వెనక మన దేశపు కథ ఒకటుంది. బ్రిటిష్ సైన్యం గుర్రపుశాలల దగ్గర నిల్వ చేసిన తూటాలకు వానాకాలంలో ఇత్తడి దానంతటదే చీలిపోయేది. కాలాన్ని బట్టి వస్తోందని దానికి ఇంగ్లిషులో "సీజన్ క్రాకింగ్" అని పేరే పెట్టారు. తర్వాత 1921లో అసలు కారణం తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాలిలో తేమ, ఇత్తడిని నొక్కి సాగదీసినప్పుడు అందులో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే చీలిక. ఇప్పుడు ఇళ్లలో గుర్రాలు లేవు గానీ అమోనియా ఉన్న అద్దాల క్లీనర్లున్నాయి, రాగి మరక తీసే గన్ సాల్వెంట్లున్నాయి. తూటాలున్న అరలో ఆ సీసాలు పెట్టకండి.

ఇప్పుడు విప్పడం. ఇషాపూర్ .315 లోపలి నిర్మాణం లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిది. మ్యాగజైన్ తీసేశాక, సేఫ్టీ వదిలి, బోల్టు పిడి ఎత్తి చివరిదాకా వెనక్కి లాగండి. ముందున్న బోల్టు తల కుడిపక్క అంచు పట్టు దగ్గర ఆగుతుంది. అక్కడ దాన్ని వేలితో పైకి నొక్కితే టక్కున ఊడి పైకి తిరుగుతుంది, అప్పుడు బోల్టు మొత్తం వెనక్కి జారి వచ్చేస్తుంది. రాకపోతే మురికి గడ్డకట్టి ఉంటుంది. పలుచటి యంత్ర నూనె నాలుగు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలెయ్యండి.

బోల్టు తల మరతో బిగిసి ఉంటుంది. శుభ్రం చెయ్యడానికి విప్పితే, తిరిగి బిగించేటప్పుడు అడ్డం తగిలేదాకా తిప్పి, ఆ తర్వాత వెనక బోల్టు పక్కన ఉన్న పొడుగు గట్టుకు వరుసగా వచ్చేంత మటుకే వెనక్కి తిప్పాలి. ఒక చుట్టు తక్కువ తిప్పి పెట్టేవాళ్లున్నారు, అది ప్రమాదం. బిగించినప్పుడు ఆ వరుస దాటి చాలా దూరం తిరిగిపోతుంటే మరలు అరిగాయన్నమాట, గన్‌స్మిత్, అంటే తుపాకుల మరమ్మతుదారు, చూడాలి. ఇంకో ముఖ్య విషయం. ఈ బోల్టు ఆ రైఫిల్‌కే సానబట్టి జతచేసింది. నంబర్లు రెండూ ఒకటేనా చూడండి. ఇంట్లో రెండు .315లు ఉంటే ఒకేసారి రెండూ విప్పి ఒకే బల్ల మీద పెట్టకండి. బోల్టు తారుమారైతే తూటా అడుగుకీ బోల్టు ముఖానికీ మధ్య ఖాళీ మారిపోతుంది. ఖాళీ ఎక్కువైతే పేలినప్పుడు ఇత్తడి సాగి, అడుగు ఊడి, వాయువు మొహం వైపు తన్నుతుంది.

ఇంట్లో విప్పేది ఇంతవరకే. ట్రిగ్గర్ భాగాల జోలికి వెళ్లొద్దు. భుజానికి ఆనించే వెనక మడమ కర్ర వదులుగా ఉందని లోపలి పొడుగు బోల్టు తిప్పేస్తారు చాలామంది. ఈ తరహా రైఫిళ్లలో ఆ బోల్టు కొస నలుచదరంగా ఉండి ముందు కర్రలోని రేకులో కూర్చుని ఉంటుంది. ముందు కర్ర ఊడదీయకుండా దాన్ని తిప్పితే ముందు కర్ర వెనక భాగం చీలుతుంది. పాత .315లలో ట్రిగ్గర్ పైన కర్రకు కనిపించే చీలికల్లో కొన్ని ఇలా వచ్చినవే. మరలకు స్క్రూడ్రైవర్ కూడా మామూలుది పనికిరాదు. ఎలక్ట్రీషియన్ వాడే దాని కొస చీలలా సన్నబడుతూ ఉండి గాడి పైఅంచును చింపేస్తుంది. గాడి నిండా కూర్చునే సమతలపు కొస ఉన్నదే వాడండి, లేకపోతే మరను అలాగే వదిలెయ్యండి.

పైనున్న గోధుమరంగు మచ్చల గురించి మీరు కంగారు పడ్డారు. పైపై జంగు అయితే భయం లేదు. నాలుగు సున్నాల స్టీల్ ఊల్ చిన్న ఉండ తీసుకుని, పలుచటి నూనెలో తడిపి, బ్యారెల్ పొడవునా మెల్లగా రుద్దండి. ముందు మడమ పలక కింద లాంటి కనిపించని చోట ప్రయత్నించి, నలుపు పూత పోవట్లేదని చూసుకున్నాకే మిగతాది. నూనె ఎర్రబడుతుంది, గుడ్డతో తుడిచి మళ్లీ. రెండు మూడు సాయంత్రాలు పడుతుంది, పట్టనివ్వండి. శాండ్‌పేపర్, ఎమరీ, బాత్రూమ్ యాసిడ్, జంగు తీసే ద్రావకాలు, నిమ్మకాయ, చింతపండు వద్దు. ఇత్తడి బిందె తోమే పద్ధతి ఇక్కడ పనికిరాదు, పులుపు ఇనుమును తింటుంది, నల్లపూతను ముందే తినేస్తుంది. జంగు కింద చిన్న గుంటలు మిగిలితే మిగలనివ్వండి. వాటిని చదును చెయ్యాలని రుద్దితే నంబరు, ముద్రలు అరిగిపోతాయి. అది అందం విషయం కాదు. గుర్తింపు నంబరు చెరపడం, మార్చడం చట్టంలోని 8వ సెక్షన్ కింద నేరం. తెలిసిన వర్క్‌షాపులో నికెల్ పాలిష్ పెట్టించడం, నల్ల పెయింట్ కొట్టించడం కూడా వద్దు. లైసెన్సు లేనివాళ్లకు మరమ్మతుకు ఇవ్వడమే చట్టవిరుద్ధం, వాళ్లు ఎంత పనిమంతులైనా సరే.

బ్యారెల్ లోపలే అసలు సంగతంతా ఉంది. పాత తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలినప్పుడు అది పొటాషియం క్లోరైడ్ అయి బ్యారెల్ గోడకు అంటుకుంటుంది. మన వంటింటి ఉప్పుకు తమ్ముడు అది. వానాకాలంలో ఉప్పు డబ్బా ఎలా చెమ్మగిల్లుతుందో బ్యారెల్ లోపల అదీ అలాగే నీరు పీల్చి జంగు పెడుతుంది. నూనెతో ఈ ఉప్పు కరగదు. తాతగారు ప్రతిసారీ నూనె గుడ్డ లాగి పెట్టినా లోపల ఎందుకు తిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఉప్పు మీద నూనె పూశారు, అంతే. ఉప్పు పోవాలంటే నీళ్లే కావాలి, అదీ మరిగే నీళ్లు.

బోల్టు తీసేసి, కర్ర భాగానికి మందపాటి తువ్వాలు చుట్టి, మూతి కిందికి పెట్టి బకెట్లో ఉంచండి. సన్న గొట్టం ఉన్న గరాటు చాంబర్లో బిగుతుగా పెట్టి లీటరు, లీటరున్నర మరిగే నీళ్లు నిదానంగా పొయ్యండి. నీళ్లు కర్రకూ లోహానికీ మధ్య దిగకూడదు. బ్యారెల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కాలి, ఆ వేడికే లోపలి తడి ఆరిపోతుంది. గోరువెచ్చటి నీళ్లు పోస్తే ఆరవు, కొత్త జంగు మొదలవుతుంది. బోల్టు ముఖం మీద కూడా ఇదే ఉప్పు ఉంటుంది, దాన్ని వేడి నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. వెంటనే పొడి గుడ్డలు బయటికి తెల్లగా వచ్చేదాకా లాగండి. ఇకముందు పేల్చిన తూటా ప్రైమర్ ఏదో ఖాయంగా తెలియకపోతే, పేల్చిన రోజే ఈ నీళ్ల పని చెయ్యండి. రేపు అనుకుంటే ఆగస్టు హైదరాబాదులో ఒక్క రాత్రి చాలు.

నీళ్ల పని అయ్యాక మామూలు శుభ్రత. ఒకే ముక్కగా ఉండే కడ్డీ కొనండి, ప్లాస్టిక్ పూత ఉన్నది మేలు. మరలతో జోడించే మూడు ముక్కల కడ్డీ వంగి లోపలి మెలి తిరిగిన గాళ్లను ఒరుసుకుంటుంది. ఎప్పుడూ చాంబర్ వైపు నుంచే పెట్టాలి. మూతి వైపు నుంచి పెడితే కడ్డీ మూతి అంచును అరగదీస్తుంది. గుండు చివరగా తాకి వదిలే చోటు అది, అక్కడ ఒక పక్క అరిగితే గురి పోతుంది. తాడుతో లాగే పాత పద్ధతిలో కూడా తాడును వంకరగా లాగితే ఇదే జరుగుతుంది, నిటారుగా లాగాలి. బోర్ సాల్వెంట్ పూసిన గుడ్డలు మూడు నాలుగు లాగి పావుగంట ఆగండి. తర్వాత 8 మిల్లీమీటర్ల కంచు బ్రష్ పదిసార్లు, ప్రతిసారీ మూతి దాటి పూర్తిగా బయటికి వచ్చాకే వెనక్కి. మధ్యలో దిశ మారిస్తే బ్రష్ ఇరుక్కుంటుంది. మళ్లీ పొడి గుడ్డలు. గుడ్డ మీద నీలం రంగు వస్తే రాగి మిగిలి ఉందని అర్థం. అమోనియా ఉన్న రాగి సాల్వెంట్ పది నిమిషాలకు మించి లోపల వదలొద్దు. ఇక్కడ చాలామంది మోసపోయే చోటొకటి ఉంది. కడ్డీ కొసన గుడ్డ తగిలించే ఇత్తడి జాగ్, కంచు బ్రష్ వాడుతుంటే వాటి రాగి కరిగి కూడా నీలమే వస్తుంది. "ఎంత తీసినా రాగి పోవట్లేదు" అని రాత్రంతా తోమేవాళ్లు ప్లాస్టిక్ జాగ్‌కు మారితే సగం పని తగ్గుతుంది. చాంబర్‌ను మరవద్దు, బ్యారెల్ కన్నా అది వెడల్పు, దానికి పెద్ద బ్రష్ వేరే.

శుభ్రమయ్యాక మూతి వైపు తెల్ల కాగితం పెట్టి చాంబర్ వైపు నుంచి చూడండి. గాళ్ల మధ్య గసగసాలు చల్లినట్టు సన్న చుక్కలుంటే ముసలి బ్యారెల్ లక్షణం, దానితో బతకొచ్చు, మురికి కొంచెం ఎక్కువ పడుతుంది. ఒకచోట ఉంగరంలా నల్లటి వలయం కనిపిస్తే మాత్రం అది ఉబ్బు. ఎప్పుడో లోపల అడ్డు ఉండగా పేల్చారన్నమాట. అది గన్‌స్మిత్ తేల్చేదాకా ఆ రైఫిల్‌తో తూటా మాటే ఎత్తొద్దు.

ఇప్పుడు నూనె. కొబ్బరినూనె, పల్లినూనె, ఆవనూనె ఏవీ వద్దు. వంట నూనెలు గాలి తగిలి బంకలా గట్టిపడతాయి. మీ బోల్టు బిగుసుకోవడానికి కారణం ఇదే కావచ్చు, ముదురు పసుపు రంగు జిగురు కనిపిస్తే ఖాయం, కిరోసిన్‌తో కరిగించి తుడిచెయ్యండి. కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా. కుట్టు మిషన్ నూనె కదిలే భాగాలకు మంచిదే గానీ జంగును ఎక్కువకాలం ఆపలేదు. డబ్ల్యూడీ-40 తేమను తరిమికొట్టడానికి పనికొస్తుంది, ఏడాదిపాటు కాపాడే పూత కాదు. పైగా తూటాల దగ్గర దాన్ని కొడితే ప్రైమర్‌లోకి పాకి అది పేలకుండా చెయ్యొచ్చు. జంగును ఆపే గుణమున్న గన్ ఆయిల్ 100 మిల్లీలీటర్ల సీసా ఒకటి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. బ్యారెల్ లోపల ఒక గుడ్డకు మూడు చుక్కలు, పైన అరచేతి ముద్ర పోయేంత పలుచగా. కారేంత పోస్తే అది మెల్లగా మడమ కర్రలోకి దిగి, చెక్కను నల్లగా, మెత్తగా చేస్తుంది. నూనె తాగిన కర్ర దెబ్బకు చీలుతుంది. మీ దానికి చేత్తో పట్టుకునే సన్నటి చోట కర్ర నల్లబడి ఉంటే సుద్దపొడిని స్పిరిట్‌తో ముద్దచేసి పూసి, ఆరాక దులపండి. నూనెను పీల్చుకుని సుద్ద పసుపెక్కుతుంది, మూడు నాలుగుసార్లు చెయ్యాల్సి రావచ్చు.

కర్రకు కావలసింది అవిసె నూనె, అదీ "బాయిల్డ్" అని అమ్మేది. పచ్చిది వారాలు ఆరదు. అరచెంచా అరచేతిలో వేసుకుని వేడి పుట్టేలా రుద్ది, అరగంటకు మిగిలింది పూర్తిగా తుడిచెయ్యాలి. వారానికోసారి మూడు వారాలు, ఆపైన ఏడాదికి ఒకసారి. వార్నిష్ వద్దు. ఆ నూనె గుడ్డల విషయంలో జాగ్రత్త, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండచుట్టి పడేసిన గుడ్డ తనంతట తాను అంటుకుంటుంది. నీళ్లలో ముంచి, తీగ మీద విడిగా పరిచి ఆరాకే పారేయండి.

పేల్చొచ్చా అన్నదానికి నా జవాబు: మీరూ నేనూ తేల్చేది కాదు. ఇంట్లో మీరు చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. ఖాళీ అని మరోసారి తేల్చుకున్నాక, బోల్టు ముందుకు తోసి మూయండి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి, ఆ తర్వాత సేఫ్టీ తియ్యండి. తీసినప్పుడు టక్కుమంటే ప్రమాదం. మళ్లీ బోల్టు తెరిచి మూసి స్ప్రింగు ఎక్కించి, సేఫ్టీ లేకుండా, మడమను మందపాటి రబ్బరు పట్టా మీద నాలుగైదు అంగుళాల ఎత్తునుంచి తట్టండి. ఎక్కించిన స్ప్రింగు టక్కున పడిపోతే లోపలి పట్టు అరిగింది, దాన్ని ఆకురాయితో సరిచేద్దామని ఎవరన్నా ఒప్పుకోకండి. ఈ రెండు పరీక్షలూ నెగ్గినా గేజ్‌తో హెడ్‌స్పేస్, అంటే ఇందాక చెప్పిన తూటా అడుగుకీ బోల్టు ముఖానికీ మధ్య ఖాళీ, ఫైరింగ్ పిన్ పొడవు, బోల్టును బిగించి పట్టే వెనక లగ్గులు ఆనే తీరు లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ కొలవాలి. లీ పద్ధతిలో బోల్టు వెనకవైపు బిగుస్తుంది, అందుకే రెండు లగ్గులూ సమంగా ఆనడం ఇందులో ఇంకా ముఖ్యం. తీసుకెళ్లేటప్పుడు బోల్టు విడిగా, రైఫిల్ పెట్టెలో, లైసెన్సు జేబులో.

ఆయన సరే అన్నాక, కొత్త .315 తూటాలతో, అనుమతి ఉన్న రేంజ్‌లోనే. గచ్చిబౌలి అయినా మరెక్కడైనా ప్రతి రేంజ్‌లో పెద్ద బోరు ఒప్పుకోరు, ముందు అడిగి వెళ్లండి. ఫామ్‌హౌస్‌లో చెట్టుకు కట్టి తాడు లాగి చూడటం, బారాత్‌లో గాల్లోకి పేల్చడం ఆలోచనలోకే రానివ్వొద్దు. సంబరాల్లో కాల్పులకు 2019 సవరణ రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టింది. పేల్చేముందు బ్యారెల్, చాంబర్ లోపలి నూనె పూర్తిగా పొడి గుడ్డతో తీసెయ్యాలి. చాంబర్ పొడిగా ఉంటే ఇత్తడి గోడను పట్టుకుని భారం పంచుకుంటుంది, నూనె ఉంటే జారి ఆ తోపు మొత్తం బోల్టు మీద పడుతుంది. క్లిక్‌మని పేలకపోతే మూతి గురివైపే ఉంచి నిండా ఒక నిమిషం ఆగి, అప్పుడే బోల్టు తెరవండి. పేలిన మొదటి ఖాళీ తూటాను తీసి చూడండి. అడుగు అంచుకు కాస్త పైన మెరిసే వలయం చుట్టూ వచ్చిందా, ప్రైమర్ బయటికి పొడుచుకొచ్చిందా. ఏది కనిపించినా ఆ రోజుకు ఆపెయ్యాలి, గన్‌స్మిత్ దగ్గరికి తిరుగు ప్రయాణం.

దాచే చోటు గురించి. ఆ తోలు సంచిని జ్ఞాపకంగా విడిగా ఉంచుకోండి, రైఫిల్‌ను అందులో పెట్టకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేసిన రసాయనాలు లోహాన్ని తింటాయి. స్పాంజి పెట్టెలూ నిల్వకు మంచివి కావు. గోడకు బిగించిన ఇనుప అర, తాళం ఉన్నది, బయటి గోడకు ఆనుకోకుండా. తూటాలు వేరే తాళంలో. స్ప్రింగు వదులుగా ఉండేలా, ఖాళీ అని చూసుకుని, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని బోల్టు మూయండి. మూతి కిందికి ఉండేలా నిలబెడితే నూనె కర్రలోకి దిగదు. అరలో అరకిలో సిలికా జెల్, రంగు మారేది. నీలం గులాబీ అయ్యాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో పెడితే మళ్లీ నీలమవుతుంది. చిన్న తేమ మీటరు పెట్టి 50 శాతం అటూఇటూ ఉండేలా చూసుకోండి. ఏసీ గదిలోంచి వానాకాలపు వరండాలోకి తెస్తే చల్లటి బ్యారెల్ మీద చెమ్మ పడుతుంది, పెట్టెలోనే అరగంట ఉంచి తియ్యండి.

ఏడాదిలో రెండు రోజులు గుర్తు పెట్టుకోండి. మృగశిర కార్తె ముందర ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి. మధ్యలో జులై నుంచి సెప్టెంబరు దాకా నెలకోసారి తీసి, పలుచటి నూనె గుడ్డతో తుడిచి పెడితే చాలు. ఎండాకాలం కర్ర కుదించుకుని మరలు వదులవుతాయి. ఏప్రిల్‌లో గట్టిగా బిగిస్తే ఆగస్టులో ఉబ్బిన కర్ర చీలుతుంది, అందుకే మరలు చూడాల్సింది వానలయ్యాకే.

రెండో శుభ్రతను దసరా మర్నాడు పెట్టుకోవడం మన ఇళ్లకు బాగా కుదురుతుంది. ఆయుధ పూజలో పసుపు, కుంకుమ, గంధం లోహం మీద పెట్టకండి, కొబ్బరినీళ్లు చల్లకండి. ఆ బొట్టు కింద వేలిముద్రంత జంగు ప్రతి ఏటా అదే చోట లోతవుతూ పోతుంది. పాత రైఫిళ్ల చాంబర్ పైన గుండ్రటి గుంట కనిపించేది చాలాసార్లు అందుకే. బొట్టు పెట్టెకు పెట్టండి, పూలు పెట్టె మీద వెయ్యండి.

చివరగా, ఎన్నికల కోడ్ వచ్చి ఆయుధాలు జమ చెయ్యమన్నప్పుడు. స్టేషన్ గదిలో రెండు మూడు నెలలు ఉంటుంది, అక్కడ ఎవరూ నూనె రాయరు. ఇచ్చే ముందు రోజు లోపలా బయటా మామూలుకన్నా మందంగా గ్రీజు లాంటి నిల్వ నూనె పూసి, మూతి రంధ్రం మూసెయ్యకుండా వదిలెయ్యండి. బిరడా పెడితే లోపలి తేమ బయటికి పోదు, పైగా తిరిగి తెచ్చుకున్నాక మరిచి పేల్చితే బ్యారెల్ చీలుతుంది. ఊపిరాడే నూలు గుడ్డ సంచిలో పెట్టి, "నూనె ఉంది, తుడవకుండా పేల్చరాదు" అని చీటీ కట్టండి. నాలుగు వైపులా ఫొటోలు తీసి, రసీదులో రైఫిల్ నంబరు, బోల్టు నంబరు రెండూ రాయించండి. తిరిగి ఇచ్చేటప్పుడు సంతకం పెట్టకముందే ఆ రెండు నంబర్లూ సరిచూసుకోండి, పదుల కొద్దీ .315లు ఒకే గదిలో ఉన్నచోట బోల్టులు మారిపోతాయి. ఇంటికొచ్చిన రోజే నూనె తుడిచి, బ్యారెల్‌లోకి టార్చి వేసి చూడండి.